ఫినాయిలమ్మ

మా అత్తయ్య లెక్కలో ఇల్లు శుభ్రంగా ఉందంటే ఆ సంగతి గుమ్మం దాకా వచ్చి చూడక్కర్లేదు, కింద మెట్ల దగ్గరే ముక్కుకి తెలిసిపోవాలి. మా బిల్డింగులో పార్సిళ్ళు తెచ్చేవాళ్ళకి మా ఫ్లాటు నంబరు ఎవరూ చెప్పరు. "ఫినాయిల్ వాసన ఎక్కడ మొదలైతే అక్కడ ఆగు" అంటారు. ఆవిడకి అందరూ కలిసి పెట్టిన పేరు ఫినాయిలమ్మ. ఆ పేరు ఆవిడ చెవిన పడింది కూడా. కోపం రాలేదు సరికదా, మురిసిపోయింది. పడాల్సిన కోపమంతా నేనే పడ్డాను.

నాకు ముక్కు మీదే కోపమని పెళ్ళికి ముందే మా అమ్మ మా ఆయనకి చెప్పేసింది. కాబట్టి మధ్యలో నేను ఎవర్నైనా ఒక మాట తూలితే ఆశ్చర్యపోకండి. అయినా న్యాయం న్యాయమే. తిట్టబోయే ముందు ఆవిడ ఎలాంటి మనిషో చెప్పాలి.

మామయ్య పోయేనాటికి మా ఆయన బడికెళ్ళే పిల్లాడు, వదిన ఇంకాస్త పెద్దది. అత్తయ్యకి చదువు లేదు, చేతిలో పని లేదు. ఎవరో పుణ్యం కట్టుకుని పెద్దాసుపత్రిలో వార్డులు తుడిచే పనిలో పెట్టించారు. అక్కడే మధ్య వయసు గడిచింది, అక్కడే జుట్టు నెరిసింది. అవతలి గోడ మూల నుంచి మొదలుపెట్టి వెనక్కి నడుస్తూ గుమ్మం దాకా తుడుచుకు రావడం, తడి మీద అడుగు వేయకపోవడం, మంచాల ఇనుప కాళ్ళు వంగి మరీ రుద్దడం, ఒక వార్డు నీళ్ళు ఇంకో వార్డుకి వాడకపోవడం ఆవిడకి ఒంట్లో ఇంకిపోయాయి. ఇప్పటికీ మా హాలు అలాగే తుడుస్తుంది. ఆవిడ తుడుస్తున్నప్పుడు వంటింట్లో చిక్కుకున్నామా, నేల ఆరేదాకా అక్కడే జైలు. నా బస్సు ఎన్నిసార్లు తప్పిపోయిందో ఆ బస్సు డ్రైవర్ని అడగండి.

ఆ వార్డుకి ఒక హెడ్ నర్సు ఉండేది. అందరూ పెద్ద సిస్టర్ అనేవాళ్ళు. పొద్దున్న డాక్టర్లు రాకముందు ఆవిడ గుమ్మంలో నిలబడి, కళ్ళు మూసుకుని, ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చేది. గడ్డం కిందికి దించితే వార్డు పాసైనట్టు. దించకపోతే బకెట్లు మళ్ళీ నింపుకోవాల్సిందే. తిట్టేది కాదు, మాట్లాడేదే కాదు.

"ఆ గడ్డం దిగిందంటే ఆ పూటకి నా బతుకు గట్టెక్కినట్టే" అంటుంది అత్తయ్య. "చివరి ఏళ్ళలో నా వార్డుని ఒక్కసారి కూడా వెనక్కి పంపలేదు తెలుసా."

తెలుసు. ఈ కథ మా ఇంట్లో గోడలకి కూడా కంఠతా వచ్చు. మా బుడ్డది, అంటే మా అమ్మాయి, మాటలు నేర్చిన కొత్తలోనే గుమ్మంలో నిలబడి, కళ్ళు మూసుకుని, గడ్డం దించి పెద్ద సిస్టర్ వేషం వేసేది.

ఉద్యోగం అయిపోయాక అత్తయ్య మా దగ్గరికొచ్చింది. పని మానిందిగానీ బకెట్ మానలేదు. బుడ్డది పుట్టాక నేను మళ్ళీ కళ్ళద్దాల షాపులో పనికి వెళ్ళగలిగానంటే అది ఆవిడ చలవే. బడి నుంచి తీసుకురావడం, తినిపించడం, జడలు వేయడం, సాయంత్రం నేను వచ్చేదాకా కథలు చెప్పడం అన్నీ ఆవిడే. దానికి నానమ్మ ఒళ్ళో తప్ప నిద్రపట్టదు. నాకు అసూయ లేదని చెప్పను.

కానీ ఆ ఫినాయిల్ ఉందే, అది మాత్రం నా ప్రాణం తీసేది. ఆవిడకో అలవాటు ఉంది. సీసా మూత తీసి బకెట్లో వంచుతూ నా మొహం వంక చూస్తుంది. నేను ముక్కు చిట్లించేదాకా పోస్తూనే ఉంటుంది. చిట్లించగానే ఆపి, తృప్తిగా మూత పెట్టేస్తుంది. నన్ను ఏడిపించడానికే చేస్తోందని నా గట్టి నమ్మకం. ఒకసారి పంతానికి పోయి ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాను. సీసాలో సగం ఖాళీ అయింది. ఆ రోజు మా పక్కింటివాళ్ళు కిటికీలు మూసేసుకున్నారు.

మొన్న చలికాలంలో బుడ్డదానికి ఆయాసం మొదలైంది. ముందు జలుబన్నారు. తర్వాత ఛాతీలో పిల్లికూతలు. పడుకుంటే గొంతులో ఏదో చిన్న ఈల వేస్తున్నట్టు వినపడేది. దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మొహానికి ఆ మాస్కు పెట్టి, మెషిను బర్రుమంటుంటే మందు ఆవిరి పట్టించడం ఏ తల్లికీ వద్దు. అది ఏడవను కూడా ఏడవలేదు. ఊపిరి చాలక ఊరుకుంది.

"ఇంట్లో నేల దేంతో తుడుస్తారు?" అని అడిగాడు పిల్లల డాక్టరు.

మా ఆయన పైకప్పు వంక చూశారు. నేను అంతా కక్కేశాను.

"ఫినాయిల్, ఆసిడ్, బ్లీచింగ్ పొడి, సెంటు కొట్టే డబ్బాలు అన్నీ ఆపేయండి. సబ్బు నీళ్ళు చాలు, కిటికీలు తెరిచి పెట్టండి. ఇలాగే సాగితే పిల్లని కొన్నాళ్ళు ఆ ఇంటికి దూరంగా ఉంచమని చెప్పాల్సి వస్తుంది" అన్నాడాయన.

ఇంటికొచ్చి ఆ మాటే అత్తయ్యకి చెప్పాను.

"సబ్బు నీళ్ళతో ఒళ్ళు కడుక్కుంటారమ్మా, ఇల్లు కాదు" అంది.

"డాక్టరు చెప్పాడత్తయ్యా."

"నేను డాక్టర్ల మధ్యే బతికాను. వాళ్ళ వార్డు ఎవరు కడిగారనుకున్నావు?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నేనూ తగ్గలేదు. గొంతులు లేచాయి. మా ఆయన లిఫ్టులు రిపేరు చేస్తారు. ఎంతమంది ఎక్కి తొక్కినా నోరెత్తని యంత్రాలతో సావాసం చేసి ఆయనా అలాగే తయారయ్యారు. అడకత్తెరలో పోకచెక్కలా నాలుగు రోజులు నలిగి, చివరికి ఒక సాయంత్రం తల్లి పక్కన కూర్చుని నేల వంక చూస్తూ చెప్పారు.

"అమ్మా, ఇంట్లో ఫినాయిలైనా ఆగాలి, లేకపోతే నువ్వు కొన్నాళ్ళు అక్క దగ్గరికైనా వెళ్ళాలి. పిల్ల ఊపిరి కదా. ఏటా చేసే దులుపుడు వస్తోంది, అది అయ్యేలోపు తేల్చుకో."

అత్తయ్య మొహంలో నెత్తుటి చుక్క లేదు. వదిన మంచిదే, వాళ్ళ ఇంట్లో ఆవిడకి ఏ లోటూ ఉండదు. బుడ్డది ఉండదు, అంతే. "సరేరా" అని లేచి లోపలికి వెళ్ళిపోయింది. నేనూ వెనకే వెళ్ళబోయాను. అయినా పిల్ల మాస్కు గుర్తొచ్చి మనసు గట్టి చేసుకున్నాను.

ఏటా చలి తగ్గి, ఎండ ముదరకముందు మేము ఇల్లంతా దులుపుతాం. అటకలు దించడం, బూజు కర్ర తిప్పడం, పరుపులు ఎండలో వేయడం, కిటికీలు కడగడం. ఎప్పుడూ దానికి సేనాపతి అత్తయ్యే. ఈసారి కత్తి నా చేతికొచ్చింది. ఫోనులో చూసి, షాపుకొచ్చేవాళ్ళని అడిగి, ఏ విషమూ లేకుండా ఇల్లు కడిగే పద్ధతులన్నీ నేర్చుకున్నాను. సబ్బు, వంట సోడా, వెనిగర్, ఎండిన నిమ్మ తొక్కలు, అద్దాలకి పాత న్యూస్‌పేపర్లు, తుడవడానికి చిరిగిన బనీన్లు. కొత్తగా కొన్నది ఏమీ లేదు, పారేసేది అంతకన్నా లేదు. చాలా గర్వపడ్డాను. ఆ గర్వం మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు.

మొదటి రోజు వెనిగర్, సోడా రెండూ ఒకే బకెట్లో కలిపాను. బుస్సుమని నురగ పొంగి వంటింటి నేలంతా పారింది. బుడ్డది చప్పట్లు కొట్టింది. నురగ అణిగాక ఆ నీళ్ళతో గట్టు రుద్దితే జిడ్డు ఇంచు కూడా కదల్లేదు. పులుపూ సోడా ఒకదాన్నొకటి మింగేసి ఉత్త ఉప్పునీళ్ళు మిగులుతాయట. ఆ సంగతి ఫోను చివర్లో చెప్పింది.

అత్తయ్య పీట మీద కూర్చుని చూస్తోంది.

"అమ్మాయ్, ఇల్లు కడుగుతున్నావా, వంట చేస్తున్నావా?"

"చూస్తూ ఉండండి."

"చూస్తూనే ఉన్నా. దీన్ని ఇప్పుడు తుడవడానికి ఇంకో బకెట్ కావాలి."

నవ్వొచ్చినా నవ్వకూడదని పళ్ళు బిగబట్టాను. తర్వాత సోడా ఒక్కటే తడిపి జిడ్డు మీద పులిమి, కాసేపాగి రుద్దితే గట్టు నిజంగానే మెరిసింది. ఆవిడ వేలితో రాసి చూసి ఏమీ అనలేదు. ఆ మౌనమే నాకు పతకం. సాయంత్రం బుడ్డదాన్ని కింద ఆడుకోమని పంపి, కిటికీలన్నీ తీసి, వెనిగర్‌తో కుళాయిల తెల్లమరకలు రుద్దాను. అబ్బ, ఆ పుల్లటి ఘాటుకి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా ఆయన బాల్కనీలోకి పారిపోయారు. అత్తయ్య మాత్రం నా పక్కనే నిలబడి కుళాయి వంక చూస్తూ పెదవి విరిచింది.

"మెరుపుంది గానీ దీనికి వాసనేదమ్మా?" అంది.

వెటకారం చేస్తోందనుకున్నాను. ఒళ్ళు మండింది. నా మొహానికి ఆ సమయంలో అంతకంటే మంచి ఆలోచన తోచలేదు.

మర్నాడు షాపు నుంచి వచ్చేసరికి బాత్రూములో సన్నగా అదే వాసన. అడిగితే "పాత వాసనేమో" అంది. ఆ మర్నాడు పడగ్గదిలో. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేనెంత. బియ్యం డబ్బా వెనక ఒక చిన్న సీసా దొరికింది. చలికాలంలో వాడే వేడినీళ్ళ ఫ్లాస్కులో కొంత దొరికింది. పాత చెప్పుల పెట్టెలో ఇంకొకటి. దొరికినవి దొరికినట్టు గట్టిగా మూతపెట్టి, కింద కార్ల షెడ్డు కడుక్కోమని వాచ్‌మన్‌కి ఇచ్చేశాను. ఇంత గొడవ చేసి మళ్ళీ దాన్ని కాలవలోకి పారబోస్తే నా మొహం మీద నేనే ఉమ్మేసుకున్నట్టు. అతను పండగ చేసుకున్నాడు.

ఆ వారం మధ్యలో బుడ్డదానికి మళ్ళీ పిల్లికూతలు లేచాయి. దాన్ని ఒళ్ళో పెట్టుకుని మాస్కు పట్టుకున్నాను. అత్తయ్య తలుపు దగ్గర నిలబడింది. లోపలికి రాలేదు.

"ఏం కావాలి మీకు?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "దీనికన్నా ఆ సీసా ఎక్కువా?"

"వాసన లేకపోతే ఎలా తెలుస్తుంది..." అని సగంలో ఆపేసింది.

"దేవుడా, ఏం తెలియాలి మీకు?"

గోడకి చెప్పినా ఈపాటికి ఒక సున్నప్పెచ్చయినా రాల్చేది. ఆ క్షణంలో నిర్ణయించేసుకున్నాను, ఈవిడని పంపేయాల్సిందేనని. కానీ ఉత్తపుణ్యానికి పంపానని రేపు వదిన అనకూడదు. కొడుకు కళ్ళ ముందే పట్టించాలి.

వాషింగ్ మెషిను వెనక ఇంకో సీసా ఉందని నాకు తెలుసు. చూసీ చూడనట్టు వదిలేసినది అదే. దాన్ని ఖాళీ చేసి, శుభ్రంగా కడిగి, బట్టల సబ్బు తురుము నీళ్ళలో కాచి, చల్లారాక అందులో పోశాను. తెల్లగా, చిక్కగా, చూడ్డానికి అచ్చం తెల్ల ఫినాయిలే. మూత బిగించి యథాస్థానంలో పెట్టేశాను. నా ఆలోచన ఏమిటంటే, ఆదివారం మా ఆయన ఇంట్లో ఉంటారు. ఆవిడ దొంగతనంగా పోస్తుంది, వాసన రాదు, తికమకపడుతుంది, సీసా పట్టుకుని బయటికొస్తుంది. అప్పుడు చెబుతాను, "చూశారా మీ అమ్మగారి సరేరా" అని.

ఆదివారం పొద్దున్నే ఏదో బిల్డింగులో లిఫ్టు మధ్యలో ఆగిపోయి మనుషులు ఇరుక్కున్నారని ఫోనొచ్చింది. మా ఆయన పెట్టె పట్టుకుని వెళ్ళిపోయారు. అవసరానికి ఒక్కనాడు ఇంట్లో ఉంటే ఒట్టు. సరే, సాక్షి లేకపోయినా విచారణ ఆగదనుకున్నాను.

నేను హాల్లో బాల్కనీ తలుపు దగ్గర కూర్చుని బనీన్లు ముక్కలుగా కత్తిరిస్తున్నాను. బుడ్డది నా పక్కన బొమ్మలు గీసుకుంటోంది.

"నువ్వు అలిసిపోయావమ్మా, హాలు నేను సబ్బు నీళ్ళతో తుడుస్తాలే" అంది అత్తయ్య, తేనెలో ముంచిన గొంతుతో.

"తుడవండి" అన్నాను.

బాత్రూములోకి వెళ్ళింది. నీళ్ళ చప్పుడు, మూత తిప్పిన చప్పుడు. తెల్లటి నీళ్ళ బకెట్‌తో వచ్చి, అవతలి మూల నుంచి తుడుచుకుంటూ వెనక్కి వచ్చింది. నడుం నిటారుగా చేసి నా మొహం వంక చూసింది. నేను మొహాన్ని రాయిలా పెట్టుకున్నాను. బుడ్డదాని వంక చూసింది. అది కూనిరాగం తీస్తోంది.

మళ్ళీ లోపలికి వెళ్ళింది. ఈసారి బకెట్ ఇంకా తెల్లగా వచ్చింది. మళ్ళీ తుడిచింది, మళ్ళీ చూసింది. నేను కత్తెర ఆడిస్తూనే ఉన్నాను. లోపల సంబరంగా ఉంది. ఇంకోసారి వెళ్ళినప్పుడు ఆవిడ దాచుకోవడం కూడా మర్చిపోయింది. సీసా చేత్తో పట్టుకునే హాల్లోకొచ్చి, నా ఎదురుగానే బకెట్లోకి బోర్లించింది. చివరి చుక్క దాకా.

దొరికావు అనుకుని నోరు తెరిచాను. కానీ ఆవిడ మొహం దొరికిపోయిన దొంగ మొహం కాదు. జనంలో చెయ్యి వదిలేసిన పిల్ల మొహం.

"అమ్మాయ్, వాసన రావట్లేదా?" అంది చిన్న గొంతుతో.

నేను కత్తెర కింద పెట్టాను.

"బుడ్డీ, నువ్వు చెప్పమ్మా. వస్తోందా?"

బుడ్డది తలెత్తి గాలి పీల్చింది. "సబ్బు వాసనొస్తోంది నానమ్మా."

అత్తయ్య ఖాళీ సీసా ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చింది. తర్వాత నన్ను అడిగింది. "ఇందులో ఉన్నది ఫినాయిల్ కాదా?"

సగం జీవితం ఫినాయిల్‌తో గడిపిన మనిషి, సీసా ముక్కుకి ఆనించుకుని, అది ఫినాయిలో కాదో నన్ను అడుగుతోంది.

మా షాపులో గోడకి అక్షరాల బోర్డు ఉంటుంది. పై వరస పెద్దక్షరాలు, కిందికొచ్చేకొద్దీ చిన్నవి. చూపు తగ్గిందని ఒప్పుకోలేనివాళ్ళు, ముఖ్యంగా బండి నడిపి బతికేవాళ్ళు, ముందే ఆ బోర్డు బట్టీ పట్టి గడగడా చదివేస్తారు. చదువుతూ బోర్డు వంక చూడరు, సరిగ్గా చెప్పామా లేదా అని నా మొహం వంక చూస్తారు. అలాంటివాళ్ళని ఇట్టే పట్టేస్తానని షాపులో నాకు పేరు. నా ఇంట్లో, నా ఎదురుగా, ఇన్నేళ్ళు ఒక మనిషి అదే పని చేస్తుంటే నాకు కనపడలేదు.

లేచి వెనిగర్ సీసా తెచ్చి, మూత తీసి ఆవిడ ముక్కు కింద పెట్టాను. "ఇదేంటత్తయ్యా?"

ఆవిడ ముందు నా మొహం చూసింది. నేను ఏమీ కనపడనివ్వలేదు.

"సబ్బు నీళ్ళు" అంది.

నేను సీసా దించేశాను. ఆవిడకి అర్థమైపోయింది. తడి నేల మీద, ఎప్పుడూ అడుగు పెట్టని తడి మీద, అలాగే కూలబడిపోయింది.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

ముక్కలు ముక్కలుగా చెప్పుకొచ్చింది. ఆసుపత్రి పనిలో ఉండగానే. ఒకసారి కిటికీ లేని చిన్న గదిలో, తొందరలో, ఆసిడ్ ఉన్న బకెట్లోనే బ్లీచింగ్ పొడి వేసేసింది. పొగ లేచింది. దగ్గుకుంటూ బయటపడింది. కొన్నాళ్ళు ముక్కు మంటపుట్టింది, జలుబనుకుంది. మంట తగ్గిందిగానీ వాసన తిరిగి రాలేదు.

"ఎవరికీ చెప్పలేదా?"

"ఎలా చెప్పేది? వాసన తెలియని మనిషిని వార్డు కడగడానికి ఉంచుకుంటారా? పిల్లలింకా చదువుల్లో ఉన్నారు." కొంగుతో మొహం తుడుచుకుంది. "పెద్ద సిస్టర్ మొహం చూసుకుంటూ నెట్టుకొచ్చాను. ఆవిడ ముక్కే నా ముక్కు. కొంచెం ఎక్కువే పోసేదాన్ని, తక్కువైతే వెనక్కి పంపుతుందని భయం."

"మరి ఇక్కడ?"

"ఇక్కడ నువ్వున్నావుగా" అంది. "నువ్వు ముక్కు చిట్లించావంటే ఇల్లు శుభ్రంగా ఉన్నట్టు. డాక్టరు చెప్పిన దగ్గర్నుంచి నువ్వు ఎప్పుడు చూసినా మొహం చిట్లించుకునే ఉంటున్నావు. దేనికో నాకు తెలియట్లేదు. ఎక్కువైందో, తక్కువైందో."

తల ఎక్కడ పెట్టుకోవాలో నాకు తోచలేదు. కోపం మాత్రం పోలేదు. పోవడానికి దానికి దారి దొరకలేదు. ఈవిడ మీద పడదామా, ఆ ఆసిడ్ మీద పడదామా, ఇన్నాళ్ళు బోర్డు ఎదురుగా ఉన్నా చదవలేకపోయిన నా మీద పడదామా.

"పాలు విరిగాయో లేదో వాసన చూడకుండా కాచి చూస్తారు, అందుకేనా?"

తలూపింది. "తిండి సంగతి ఫర్వాలేదు. ఉప్పూ కారం నాలుకకి తెలుస్తాయి, మిగతాది గుర్తు తెచ్చుకుని తింటా." బొమ్మలు గీసుకుంటున్న బుడ్డదాని వంక చూసింది. "అది పుట్టినప్పుడు మీరందరూ దాని తల వాసన చూసి ఎంత బాగుందో, ఎంత బాగుందో అన్నారు. నేనూ అన్నాను. దాని వాసన ఒక్కటీ గుర్తు తెచ్చుకుందామన్నా నా దగ్గర లేదు."

నేను ఏడ్చేశాను. దాచుకోలేదు. బుడ్డది పెన్సిలు ఆపి మా ఇద్దరి వంకా చూసింది.

"వాడికి చెప్పకు" అంది అత్తయ్య. "గ్యాసు వాసన కూడా తెలియదని తెలిస్తే బుడ్డదాన్ని నా చేతికిస్తారా మీరు?"

నేను మాట ఇవ్వలేదు. ఇవ్వకూడదు కూడా. అది నా కూతురు. సాయంత్రం మా ఆయన రాగానే, ఆవిడ ముందే, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన బూట్లు విప్పడం మధ్యలో ఆపేసి తల్లి వంక చూశారు.

"నేను కాలేజీలో చేరిన కొత్తలో నా చొక్కా వాసన చూసి సిగరెట్ కాల్చానని పట్టేసేదానివి" అన్నారు. "తర్వాతెప్పుడో పట్టడం మానేశావు. నేనే తెలివిమీరిపోయాననుకున్నా."

"కాల్చేవాడివా అయితే?" అంది అత్తయ్య, కళ్ళు తుడుచుకుంటూనే.

"ఇప్పుడెందుకులే అమ్మా" అని లేచి వెళ్ళిపోయారు. మర్నాడు గ్యాసు కారితే కూతపెట్టే చిన్న పెట్టె ఒకటి తెచ్చి పొయ్యి పక్కన గోడకి బిగించారు. అది బాగానే పనిచేస్తోందో లేదో రోజూ పరీక్ష చేస్తూ మా చెవులు చిల్లులు పొడుస్తున్నారు. అత్తయ్యని డాక్టరుకీ చూపించాం. ఇన్నేళ్ళయ్యాక వాసన తిరిగి రావడం కష్టమని చెప్పాడు. వదిన ఇంటి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

అయినా దులుపుడు సగంలోనే ఉంది. ఫినాయిల్ లేదు, ఇక ఆవిడ దాచదు కూడా. కానీ తుడవడం ఆపదు. సబ్బు నీళ్ళతో హాలు తుడుస్తుంది, గుమ్మంలో నిలబడి దిక్కులు చూస్తుంది, మళ్ళీ బకెట్ నింపుతుంది. వేళ్ళు నాని ముడతలు పడ్డాయి.

"శుభ్రంగా ఉందత్తయ్యా."

"నువ్వు నా కోసం అంటున్నావు."

"నేనెప్పుడైనా మీ కోసం ఏమైనా అన్నానా?"

"అదీ నిజమే" అంటుంది, మళ్ళీ తుడుస్తుంది. నాకు మళ్ళీ ఒళ్ళు మండుతుంది. నీళ్ళ వృథా, మోకాళ్ళ నొప్పులు, నా బస్సు. జాలి ఒక పక్క, చిరాకు ఒక పక్క పీకుతుంటే మధ్యలో నేను. మనసు మెత్తబడిందిగానీ కోపం బుద్ధి మారలేదు, ఏం చేయను.

ఒక పొద్దున్న ఇలాగే నేను బ్యాగు భుజాన వేసుకుని వంటింట్లో ఇరుక్కుపోయి ఉన్నాను. అత్తయ్య గుమ్మం దాకా తుడుచుకొచ్చి, బకెట్ పక్కన నిలబడి, ఎవరి మొహం చూడాలో తెలియక నేల వంక చూస్తోంది. బుడ్డది బడి బ్యాగుతో పడగ్గదిలోంచి వచ్చింది. నానమ్మని చూసింది. కథ దానికి కంఠతా వచ్చు కదా. పోయి గుమ్మంలో నిలబడి, కళ్ళు మూసుకుని, పెద్ద సిస్టర్‌లా గట్టిగా ఊపిరి పీల్చింది.

అత్తయ్య ఉన్నపళాన వంగి, దాని ఛాతీకి చెవి ఆనించింది.

"మళ్ళీ" అంది.

బుడ్డది మళ్ళీ పీల్చింది. నేనూ వంటింట్లోంచి విన్నాను. గాలి లోపలికెళ్ళింది, బయటికొచ్చింది. ఈల లేదు. ఏ కూతా లేదు. బుడ్డది కళ్ళు తెరవకుండానే మెల్లగా గడ్డం కిందికి దించింది.

"పిల్లికూత లేదమ్మాయ్" అంది అత్తయ్య, చెవి దాని ఛాతీ మీంచి తీయకుండానే. "ఇల్లు శుభ్రంగా ఉంది."

తర్వాత లేచి, నీళ్ళు పారబోసి, బకెట్ బోర్లించింది.